రన్‌వే చివర వరిచేను

“రేపు పదకొండింటికి ఒక మనిషిని చంపబోతున్నారు, ఫణీ,” అంది బాలసరస్వతి. “తుపాకీతో కాదు. కారుతో.”

ఏలూరులో తివాచీల దుకాణం వెనకగది అది. ఊరికి ఆవిడ దుకాణం యజమానురాలు. ఆ గదిలో మాత్రం గూఢచారి సెక్షన్ చీఫ్. ఫణికిరణ్ ఆవిడ కింద తొమ్మిదేళ్లుగా ఏజెంటు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. శౌర్య మోటార్స్, త్రినేత్ర ఆటో ఇరవై ఏళ్లుగా బద్ధశత్రువులు. ఇప్పుడు కలిసి ఒక స్పోర్ట్స్ కారు చేశారు. ఇంజను శౌర్యది, బ్రేకులు త్రినేత్రవి. ట్రయల్ తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద. ఈ పొత్తు చెడగొట్టాలని ఒక విదేశీ కార్ల కంపెనీ ముఠాని దింపింది. ఛైర్మన్లిద్దరి కళ్లెదుట బ్రేకులు ఫెయిలై డ్రైవర్ పోతే చాలు, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

“లోపల మన మనిషి నువ్వు తర్ఫీదిచ్చిన ఐశ్వర్యే. త్రినేత్రలో బ్రేకుల ఇంజినీరు, ముదినేపల్లి రైతుల అమ్మాయి. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. బ్రేకుల్ని చంపే కోడ్ కారు కంప్యూటర్లోకి ఎక్కించమని ఆమెకే ఇచ్చారు. ఆమె ఉత్తుత్తిది ఎక్కించింది. రేపు పొద్దున కొల్లేట్లో వాళ్ల నాయకుణ్ణి కలుస్తుంది. వాణ్ణి పట్టుకో.”

మర్నాడు ఫణికిరణ్ లుంగీ కట్టి, తలకి తువ్వాలు చుట్టి, చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోస్తున్నాడు. చెవిలో రిసీవర్. పదింటికి ఐశ్వర్య కారు దిగింది. నల్లకళ్లద్దాలు, గాలికి ఎగిరే పసుప్పచ్చ చున్నీ. వల లాగుతున్నవాళ్లు కూడా పని ఆపి చూశారు.

“గూడబాతులు దిగాయా అండీ?” అంది అతని పక్కనుంచి పోతూ.

“ఈ ఏడు తక్కువేనండి,” అన్నాడతను. సంకేతం సరిపోయింది.

గట్టు చివర పొడవాటి లెన్సుతో పిట్టల్ని ఫొటోలు తీస్తున్నాడు ముఠా నాయకుడు మార్టిన్. ఆమె చెవికమ్మలోని మైకు నుంచి అతని ఇంగ్లీషు మెల్లగా వినిపించింది. “నీ కోడ్ చెక్ చేశాం. పనికిరానిది. నిన్న సాయంత్రం శౌర్యలో ఉన్న మా మనిషి అసలుది ఎక్కించాడు.”

ఫణికిరణ్ బస్తా వదిలి పరుగెత్తాడు. మార్టిన్ చెయ్యి జేబులోకి పోయేలోపే మెడ పట్టుకుని గట్టుకి అదిమాడు. వల వదిలేసి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి బేడీలు వేశారు.

“రన్‌వేకి ఫోన్ చెయ్యండి,” అన్నాడు ఫణికిరణ్ ఐశ్వర్యతో.

“కలవదండి. ట్రయల్ దగ్గర సెల్‌ఫోన్లు పనిచెయ్యకుండా జామర్లు పెట్టారు. మనమే వెళ్లాలి.”

గుండుగొలను దగ్గర హైవే ఎక్కారు. దారిలో గడ్డి ట్రాక్టర్ల వెనక పది నిమిషాలు పోయాయి. వాళ్లు రన్‌వే చేరేసరికి పదకొండు దాటింది. ఎర్రకారు అప్పటికే దూసుకుపోతోంది. లోపల టెస్ట్ డ్రైవర్ జేమ్స్.

ఐశ్వర్య సెక్యూరిటీ వాణ్ణి తోసుకుని కంట్రోల్ టేబుల్ మీది రేడియో మైకు లాక్కుంది.

“జేమ్స్ గారూ, ఐశ్వర్యనండి. బ్రేకులు లేవు. గేర్లు దించుతూ ఎడమకి తిప్పండి. చివర వరిచేనుంది, అందులోకి పోనివ్వండి.”

“బ్రేకులు లేవని మీకెలా తెలుసండీ?” స్పీకర్లో జేమ్స్ గొంతు.

ఛైర్మన్లిద్దరూ ఆమెనే చూస్తున్నారు.

“పాడుచెయ్యమని నాకే చెప్పారు కనక,” అంది.

కారు ఎడమకి తిరిగింది. దాళ్వా, అంటే రెండో పంట నాట్లు పడి వారం కాలేదు, మోకాలిలోతు బురద. నారుని చీల్చుకుంటూ పోయి కాలవ గోడకి మూరెడు దూరంలో ఆగింది. జేమ్స్ పాక్కుంటూ బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

ఫణికిరణ్ గేటు బయటికి పరుగెత్తి ఫోన్ చేశాడు. “పోలీసులు ఐశ్వర్యని పట్టుకున్నారు. మన మనిషని చెప్పనా మేడమ్?”

“వద్దు. ఆమె మన మనిషని బయటపడితే మనవాళ్లు ఇంకో ముగ్గురు బయటపడతారు,” అంది బాలసరస్వతి. “ఆమె ఎవరో మనకి తెలీదు, ఫణీ.”

జీపెక్కేటప్పుడు ఐశ్వర్య అతనివైపు చూడలేదు. చూడకూడదని నేర్పింది అతనే.

గట్టు మీది రికార్డింగ్ బయటపెడితే ఆమె ఎవరో తెలిసిపోతుందని సెక్షన్ దాన్ని దాచేసింది. కెమెరాలో పిట్టలు తప్ప ఏమీ దొరకలేదని మార్టిన్‌ని వారంలో వదిలేశారు. పొత్తు చెడలేదు. ఐదు నెలలకి అందులో మూడో వాటాదారు చేరింది. మార్టిన్‌ని పంపిన కంపెనీయే. ఛైర్మన్లిద్దరూ వాళ్ల చేతులు పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగారు.

ప్లీడరు గుమాస్తా వేషంలో ఫణికిరణ్ జైలుకి వెళ్లి ఆ సంగతి చెప్పాడు.

“బ్రేకులు ఎవరివి వాడుతున్నారండీ?” అంది ఐశ్వర్య.

“మీరు చేసినవే. పేరు ఆ విదేశీ కంపెనీది.”

“అయితే కారు ఆగుతుందిలెండి.”