తలకిందుల పేరంటం

గిరికోట రాజ్యంలో నిద్ర మాయమైపోయింది. తప్పంతా రాజు భూరిసేనుడిదే. చూరులోంచి గబ్బిలం రెట్ట తన కొత్త కిరీటంలో పడిందని మండిపడి, రాజ్యంలో ఉన్న గబ్బిలాలన్నిటినీ పొగబెట్టి తరిమించాడు. అదే అదనుగా మశకాసురుడనే రాక్షసుడు దోమల దండుతో దిగాడు. వాడి దోమ కుట్టిందంటే కునుకు పట్టదు. మంత్రులు ఆవలిస్తూ తీర్పులు చెబుతున్నారు, వంటవాళ్లు పాయసంలో ఉప్పు పోస్తున్నారు. నవ్వొచ్చే సంగతే గానీ, ఇళ్లకు తాటాకు కప్పే వీరయ్య పసికూతురు మాత్రం నిద్రలేక నానాటికీ వడిలిపోతోంది. అది చూసి ఆ బిడ్డ అక్క చెంగల్వకు గుండె చెరువైంది.

"గబ్బిలాల్ని నేనే పిలుచుకొస్తాను" అని సద్ది మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో ఒక ముని జపం చేసుకుంటూ, తన చెంపలు తానే ఛెళ్లుఛెళ్లున వాయించుకుంటున్నాడు.

"ఇదేం తపస్సు, స్వామీ?"

"తపస్సు కాదు తల్లీ, దోమలు! ఈ కుంకుమభరిణె తీసుకుని త్వరగా వెళ్లు. గబ్బిలాల కోసమేగా నీ ప్రయాణం? మర్యాదగా బొట్టు పెట్టి పిలువు."

జామతోటలో పెద్ద గబ్బిలాలు, "దోమలా? ఛీ! మేం పండ్లు తప్ప ముట్టం" అన్నాయి. కొండచరియలోని గబ్బిలాలు, "ఇళ్లలో కాపురమా? మా వంశంలో లేదు" అన్నాయి. చివరికి ఒక గుహలో బొటనవేలంతేసి గబ్బిలాలు గుత్తులుగా వేలాడుతూ కనిపించాయి.

"తరతరాలుగా మీ నెత్తిమీదే ఉన్నాం" అంది వాటిలో ముసలిది. "తోటవాళ్లకు పేరుంది, కొండవాళ్లకు పేరుంది. మా మొహం ఒక్కరైనా చూశారా? పిలవని పేరంటానికి మేం రాం."

చెంగల్వ గబగబా దానికి బొట్టు పెట్టింది. గుహంతా కిచకిచమంది.

"ఓసి పిచ్చిపిల్లా! గడ్డానికి పెట్టావేమే?"

తలకిందులుగా ఉన్నవాళ్ల నుదురు కిందుంటుందని ఆ కంగారులో ఆమెకు తట్టలేదు. వెంటనే గుహ కప్పులోంచి వంపు తిరిగి దిగిన ఒక మర్రి ఊడను మోకాళ్లతో పట్టుకుని తానూ తలకిందులుగా వేలాడింది. ఈసారి బొట్టు సరిగ్గా కుదిరింది.

"మా ఇంటికి రా, పెద్దమ్మా. మా చెల్లి నిద్రపోవడం లేదు" అంటూ భోరుమంది.

ముసలిదాని మనసు కరిగింది. "వస్తాం, ఏడవకు. కానీ తరిమినవాడు కూడా ఇలాగే పిలవాలి."

గబ్బిలాలతో కోటకు చేరిన చెంగల్వ ఆ మాట చెప్పగానే రాజు, "నేనా? తలకిందులుగానా?" అని గుడ్లు తేలేశాడు. కబురు విని వచ్చిన వీరయ్య చేతిలో పసిబిడ్డ సన్నగా మూలిగింది. రాజు తల దించుకున్నాడు.

బిడ్డను చెంగల్వకు అందించి, వీరయ్య కప్పు కట్టే తన తాడుతో ఆయన కాళ్లను కోట గుమ్మం దూలానికి కట్టాడు. కిరీటం దొర్లిపోయింది. రాజు పక్కనే దూలానికి వేలాడుతున్న ముసలిదానికి బొట్టు పెట్టి, "తప్పయింది. తమ పేరేమిటమ్మా?" అని అడిగాడు. పండితులు గబగబా గ్రంథాలు తిరగేశారు. ఏ శాస్త్రంలోనూ ఆ జాతి లేదు.

"చూరుచుట్టాలు!" అంది చెంగల్వ.

ఆ పేరు వినగానే గబ్బిలాలు ఎగిరి దోమల దండు మీద పడ్డాయి. మశకాసురుడు భయపడి తానూ దోమగా మారి పారిపోబోయాడు. ముసలిది వాణ్ని గుటుక్కున మింగేసింది.

దాంతో దోమకాటు మాయ విడిపోయింది. చెల్లెలు రెప్పలు వాల్చింది. చెంగల్వ దాన్ని గుండెకు హత్తుకుని మెట్లమీదే ఒరిగిపోయింది. రాజు వేలాడుతూనే గురక తీశాడు. ఆయన్ని దించబోయిన మంత్రి చాచిన చెయ్యి చాచినట్టే నిద్రపోయాడు. ఊరు ఊరంతా పడుకుంది గనక, ఆ తరవాత ఏమైందో చెప్పడానికి మెలకువగా ఉన్నవాళ్లెవరూ లేరు.