ఒక వేలి మందం

"రానంటే రాను! ఎన్నిసార్లు చెప్పించుకుంటారు నా చేత?"

క్లిఫర్డ్ విసిరిన కోటు కుర్చీ అంచుకు తగిలి వంటింటి నేల మీద పడింది. అతని భార్య ఎనిడ్ గబుక్కున వంగి దాన్ని అందుకుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ మనిషి కోటును నేల మీద పడేయడం ఆమె ఏనాడూ చూడలేదు. వానలో తడిసి ఇంటికొచ్చినా సరే... ముందు కోటును వెడల్పాటి చెక్క హ్యాంగరుకు తగిలించి, జేబులు ఖాళీ చేసి, భుజాల నుంచి కిందికి బ్రష్షు పట్టి, ఆ తరువాతే టీ అడిగే మనిషి!

"నాన్నా, శనివారమే కదా పెళ్లి... నువ్వు చెయ్యి పట్టుకుని నడిపించకపోతే నేను గుళ్లోకి ఎలా వెళ్లను?" అంది కూతురు బెరిల్.

"మీ పెదనాన్న ఉన్నాడుగా. నడిపిస్తాడు."

ఆ మాట అనేసి క్లిఫర్డ్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వసంతంలో వచ్చిన పక్షవాతం అతని ఎడమ చేతిని పడగొట్టి, ఎడమ భుజాన్ని కిందికి జార్చేసింది. లీడ్స్‌లోని ఓ దర్జీ కార్ఖానాలో పాతికేళ్లు పెద్ద కటింగ్ మాస్టరు అతను. ఊళ్లో పెద్దమనుషులు గుడికొస్తుంటే, మెట్ల మీదే నిలబడి ఎవరి కోటు ఎక్కడ ముడత పడిందో చెప్పగలిగేవాడు. అలాంటివాడు తన నీలం సూటు ఎడమవైపు సంచిలా వేలాడుతుండగా, ఆ పెద్దమనుషులందరి ముందూ ఎలా నడుస్తాడు? ఎనిడ్‌కు అర్థమైంది. అర్థమైనా మనసు ఒప్పుకోలేదు. కోటు కోసం కన్నబిడ్డ పెళ్లి మానుకుంటాడా!

మర్నాడు ఆడపడుచు ఫ్లోరీ పెద్ద అట్టపెట్టెతో దిగింది.

"ఇదిగో, రెడీమేడ్ సూటు! ఒక సైజు పెద్దది తెచ్చా. వదులుగా ఉంటే వంకర కనపడదు. ఏమంటావే మరదలా?"

క్లిఫర్డ్ కుడిచేత్తో ఆ కోటు అంచును గుప్పిట్లో గట్టిగా నలిపి వదిలాడు. ముడతలు అలాగే ఉండిపోయాయి.

"చూశావా అక్కా? మంచి ఉన్ని అయితే నలిపినా తేరుకుంటుంది. ఇది తేరుకోదు. లోపల కుట్టూ లేదు, జిగురుతో అంటించారు. వానలో నిలబెడితే బుడగలు లేస్తుంది."

"అబ్బో! పెళ్లికి సూటు కావాలా, చచ్చేదాకా ఉండే చర్మం కావాలా నీకు?"

"రెండూ అక్కర్లేదు. తీసుకుపో."

ఫ్లోరీ వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఎనిడ్ చెవిలో అంది. "వాడి మొండితనం నీకు తెలియంది కాదు. ఊరుకో ఇక. కాజాలు కుట్టుకునే దానివి, నువ్వేం చెయ్యగలవు!"

ఆ మాట ఎనిడ్‌కు ముల్లులా గుచ్చుకుంది. నిజమే, పెళ్లికి ముందు అదే కార్ఖానాలో పదకొండేళ్లు కాజాలు కుట్టింది. కాజాల ఆడవాళ్లు పై అంతస్తులో, కటింగ్ మాస్టర్లు కింద. మాస్టరు కత్తెరను ఇంకో మనిషి ముట్టుకోకూడదు. అది అక్కడి కట్టుబాటు. పెళ్లయ్యాక ఇంట్లోనూ అదే సాగింది. అతని సూట్లకు బ్రష్షు పట్టడం, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యడం, పురుగు పట్టకుండా కాపాడడం ఆమె పని. సూది పెట్టడం మాత్రం ఆమె పని కాదు!

ఆ సాయంత్రం ప్రార్థన చేస్తూ మధ్యలో ఆగిపోయింది. "ప్రభువా... మా తలవెంట్రుకలు కూడా లెక్కపెట్టి ఉంచావంటారు. ఇంత చూసేవాడివి, ఆ ఒక్క భుజం జారుతుంటే చూడలేదా?" అడిగినందుకు సిగ్గుపడింది. కానీ అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు. లేచి కళ్లు తుడుచుకుంది. అప్పటికే మనసులో నిశ్చయించేసుకుంది.

గురువారం పొద్దున్న క్లిఫర్డ్‌ను వ్యాయామానికి ఆసుపత్రి బండి తీసుకెళ్లగానే, నీలం సూటును బల్ల మీద పరిచింది. అతను తనకోసం తాను కత్తిరించుకున్న సూటు అదొక్కటే. ఎడమ భుజం కుట్టు ఒక్కొక్కటే విప్పింది. భుజం ఎత్తు పెంచేందుకు లోపల పెట్టే దూది పొరలు కోయడానికి చిన్న కత్తెర చాల్లేదు. అలమరలో నూనెగుడ్డలో చుట్టి ఉన్న పెద్ద కత్తెర తీసింది. ఎంత బరువుందో! ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి ముట్టుకోవడం...

టేపుతో కొలిచి, రెండు భుజాలూ సరిసమానంగా వచ్చేలా దూది పేర్చి పైపైన కుట్లు వేసింది. కోటు చెయ్యి ఇంకా విడిగానే ఉంది. అప్పుడే తలుపు తెరుచుకుంది. బండి ముందే వచ్చేసింది!

క్లిఫర్డ్ కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఊడిన కోటు చెయ్యి, బల్ల మీద తన కత్తెర...

"ఎనిడ్! నా కోటుకి కత్తెర పెట్టావా! ఎవరిని అడిగి పెట్టావు?"

"ఎవర్నీ అడగలేదు!" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అడిగితే వద్దంటావు కాబట్టి అడగలేదు! గూని ఉన్నవాళ్లకీ, కాలు పొట్టైనవాళ్లకీ... ఊరందరికీ సూట్లు కుట్టావు కదా క్లిఫర్డ్! ఎవరికైనా 'నీ ఒళ్లు సరిగ్గా లేదు, ఇంట్లో కూర్చో' అని చెప్పావా? ఒక్కడికి చెప్పావా? మరి నీకు నువ్వే ఎందుకు చెప్పుకుంటున్నావు? పాడైతే పాడవనీ, ఇది గుడ్డ! అక్కడ గుడి గుమ్మంలో నిలబడి ఏడ్చేది నీ కూతురు!"

ఎనిడ్ తల దించుకోలేదు.

క్లిఫర్డ్ లోపలికొచ్చి కర్రను గోడకు ఆనించాడు. "తొడుగు."

పిన్నులతో కోటు చెయ్యి అతికించి, జాగ్రత్తగా తొడిగి అద్దం ముందు నిలబెట్టింది. భుజాలు గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి. కానీ ఎందుకో... ఎవరో అరువిచ్చిన కోటులా ఉంది! కాలరు మెడకు దూరంగా లేచి నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందరూ చేసే తప్పే చేశావు పిల్లా," అన్నాడతను. పిల్లా అని పిలిచి ఎన్ని నెలలైందో! "రెండూ సమం చేశావు. ఎవరి భుజాలూ సమంగా ఉండవే. పూర్తిగా దాచావంటే దూదే కనపడుతుంది, మనిషి కనపడడు. ఒక వేలి మందం తగ్గించు. సగం దాచి, సగం ఒప్పుకో... అప్పుడే కోటు మనిషిది అవుతుంది."

కుడిచేత్తో సుద్దముక్క అందుకుని, అద్దంలో చూసుకుంటూ తన ఎడమ భుజం మీద తానే గీత గీసుకున్నాడు. ఆ గీత ఎక్కడా వణకలేదు.

"ఊఁ, ఏం చూస్తున్నావు? ఆ పెద్ద కత్తెర తియ్యి. చిన్నదానితో కోస్తే దూది పీచులు లేస్తుంది."

ఎనిడ్ ఏడుస్తూనే నవ్వింది! ఆ రోజంతా, శుక్రవారమంతా అతను కుర్చీలోంచి చెబుతుంటే ఆమె కుట్టింది. "నీ కుట్టు ఇంత సన్నంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదే!" అన్నాడొకసారి. "నువ్వెప్పుడు చూశావు గనక!" అంది ఆమె.

శనివారం గుడి మెట్ల మీద బెరిల్, తండ్రి ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుంది. కర్ర కుడిచేతిలో ఉంది.

"ఎనిడ్, చేతిరుమాలు తీసివ్వు. లోపలి జేబులో ఉంది."

ఆమె చెయ్యి పెట్టింది. రుమాలు వెనక పేరు పట్టీ కనపడింది. ప్రతి సూటుకీ కార్ఖానా వాళ్లు అక్కడ పట్టీ కుట్టి, ఎవరి సూటో, ఎవరు కత్తిరించారో సిరాతో రాస్తారు. పాత సిరాతో క్లిఫర్డ్ పేరు ఉంది. దాని కింద కొత్త సిరా మెరుస్తోంది.

'సరిచేసి కుట్టినది: ఎనిడ్ హార్గ్రీవ్స్, మాస్టరు.'

ఆమె తలెత్తేసరికి అతను ఎటో చూస్తున్నాడు. "రుమాలు అడిగాను. చదవమనలేదు," అన్నాడు.

లోపల ఆర్గన్ మొదలైంది. ఎనిడ్ వెళ్లి ముందు వరసలో కూర్చుంది. ఫ్లోరీ వెంటనే ఒంగి గుసగుసలాడింది. "ఏ షాపులో కొన్నావే అది? నాకు చెప్పకుండా!"

"ఇంట్లోనే వదినా," అంది ఎనిడ్.

తండ్రీ కూతుళ్లు మెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు దాటి వెళ్లారు. వెనకనుంచి చూస్తే ఎడమ భుజం ఒక వేలి మందం కిందికి ఉంది. అది వంకర అని అక్కడ ఎవరికీ తోచలేదు. ఎనిడ్ చేతులు జోడించుకుంది. ఆ రోజు ప్రభువును ఏమీ అడగలేదు. ఆ భుజంకేసి చూస్తూ కూర్చుంది, అంతే...