ఐదు నిమిషాలు ముందొచ్చిన అజాన్

"ఈ కంప్యూటర్‌ని ముట్టుకున్నదెవరు?"

క్లాతెన్ ఊళ్లోని ఆ చిన్న రేడియో స్టేషన్ యజమాని సుమర్నో గొంతు, మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించింది. దామర్ కోలక్ గిన్నె కింద పెట్టేశాడు. ఆ కొబ్బరిపాల పాయసంలోని అరటిపండు ముక్క అప్పటికే గొంతు దిగిపోయింది.

సాయంత్రం నమాజు వేళను చాటే మసీదు డోలు ఇప్పుడు మోగుతోంది. రేడియోలో కంప్యూటర్ వేసే అజాన్ మాత్రం ఐదు నిమిషాల కిందటే వచ్చేసింది. దాన్ని నమ్మి సగం ఊరు, పొద్దు గుంకకుండానే రంజాన్ ఉపవాసం విడిచేసింది.

"కంప్యూటర్లు చూసేది నువ్వే కదా బాబూ?"

"నేనేనండి."

నిజానికి దామర్ ఇవాళ వచ్చింది ఆ పని మీద కాదు. పెద్దాయన కడుపు చల్లబడ్డాక, ఆయన కూతురు రత్రిని తనకిమ్మని అడుగుదామని వచ్చాడు. కొత్త బాతిక్ చొక్కా కూడా తొడుక్కున్నాడు.

అనౌన్సర్ కుర్చీలోంచి రత్రి గుసగుసలాడింది. "ఏం చేశావు?"

"నేనేం చేయలేదు. ఇది గంటగంటకీ నెట్‌లో అసలు టైము అడిగి తన గడియారం దిద్దుకుంటుంది. దాన్నెవరో ఆపేసి, చేత్తో ముందుకు తిప్పారు."

"ఎవరు?"

దామర్ తెర చూపించాడు. మధ్యాహ్నం నాలుగింటికి మార్చినట్టుంది. సుమర్నో పేరు మీదే.

రత్రి తలమీది ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గోడ గడియారంతో సరిచేసుంటారు! అందరూ వేళకి రావాలని దాన్ని ఐదు నిమిషాలు ముందు పెట్టిందీ ఆయనే. చెప్పెయ్."

"మామగారి తప్పు బయటపెట్టి పిల్లనడగమంటావా?"

"ఇంకా కాలేదు మామగారు. ఇలా నోరు కుట్టుకుంటే అవరు కూడా."

ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు సుమర్నో.

"సరేనండి. రేపటి అజాన్ వేళకి రావాలి కదా, ఇది సరిచేసి వెళ్తాను."

దామర్ మీట నొక్కాడు. తెర మీద టైము ఐదు నిమిషాలు వెనక్కి గెంతింది. సుమర్నో దాన్ని చూశాడు, గోడ గడియారాన్ని చూశాడు. ఆయన ముఖం మెల్లగా వాడిపోయింది.

"నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పవేం?"

"నన్నడగడానికి వచ్చాడు నాన్నా," అంది రత్రి. "అందుకే నోరు పెగల్లేదు."

సుమర్నో రత్రిని కుర్చీలోంచి లేపాడు. తనే మైకు ముందు కూర్చుని, లైవ్ మీట నొక్కాడు. "పొరపాటు నాది. మనుషుల్ని తొందరపెట్టడం అలవాటైపోయి, దేవుడి సూర్యుణ్ణి కూడా తొందరపెట్టాను. నా మూలంగా మీకో రోజు ఉపవాసం బాకీ పడింది. పండగయ్యాక అందరం కలిసే ఉందాం. ఆ సాయంత్రం విడుపు మా ఇంట్లో."

అప్పుడు దామర్ వైపు తిరిగాడు. "ఏదో అడగాలన్నావట?"

"మీరు లైవ్‌లో ఉన్నారండి!"

"తెలుసు. ఊరికి పస్తు కబురు చెప్పాను. ఓ మంచి కబురు కూడా విననీ."

దామర్ మైకు దగ్గరికి వంగాడు. "మీ... మీ రత్రిని..."

ఊరంతా చెవులు రిక్కించింది. మాట ముందుకు కదల్లేదు. రత్రి వెనకనుంచి మైకు లాక్కుంది.

"అడిగినట్టే లెక్క శ్రోతలారా. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు సమయం, ఈసారి నిజంగానే, ఆరు గంటల రెండు నిమిషాలు."