బోనులో పసుపు గింజ

1955 వేసవిలో ఒక ఉదయం, ఆదోనిలో ప్రైవేటు డిటెక్టివు గుండేరావు గదిలోకి ఎమ్మిగనూరు నేతగాడు మద్దిలేటి రొప్పుతూ ప్రవేశించాడు.

"సామీ, నా పెండ్లాము బసమ్మను ఇంట్లోంచి ఎల్లగొడతాండారు! మగ్గం మీది పెండ్లిచీర పడుగు తెగిపోయింది. బసమ్మే కత్తిరించిందని మా అన్న అంటాండాడు. ఈ మద్దేనమే నందవరం పుట్టింటికి తోలేస్తాడంట!"

"ఆమెపైనే అనుమానమెందుకు?"

"నిన్న మా అన్నతో కొట్లాడింది. కత్తెర మగ్గం కిందే దొరికింది."

గుండేరావు ఉత్తరీయం అందుకొనేసరికి సహాయకుడు దుర్గప్ప చెప్పులు తొడుక్కుని వాకిట నిలిచాడు.

ఎమ్మిగనూరులో ఆ ఇంటి ముందు కట్టిన బండి సిద్ధంగా ఉంది. అందులో బసమ్మ పెట్టె!

"ఆ పడుగుకు గంజి పెట్టిందే నేను సామీ," అన్నది బసమ్మ కన్నీళ్లతో. "నా కష్టాన్ని నేనే తెంపుకుంటానా?"

గుండేరావు మగ్గం గుంటలోకి దిగాడు. గంజి దట్టంగా పట్టిన చోటనే పోగులు తెగి ఉన్నాయి. కొనలు పీచులు పీచులుగా ఉన్నాయి.

"ఇంట్లో ఎలుకలున్నాయా?"

"యాడియప్పా!" అన్నాడు మద్దిలేటి అన్న తిక్కయ్య. "కన్నాలన్నీ గాజుపెంకులు కూరి పూడ్చినాను. తెల్లారి లేస్తానే బోను చూస్తాను. ఎనిమిది దినాలుగా ఒక్కటీ పడలా."

"మీకంటే ముందు లేచేదెవరు?"

"మా అమ్మ హులిగమ్మొక్కతే, పూజకు."

"బోనులో కొబ్బరి?"

"దినామూ కొత్త ముక్క నేనే పెడతాండా," అన్నది బసమ్మ. "పాతది మిగల్దు."

గుండేరావు బోనును బోర్లించి తట్టాడు. పసుపు అంటిన బియ్యపుగింజ ఒకటి రాలింది. దుర్గప్ప కళ్లు మెరిశాయి.

బోనులో తాజా కొబ్బరి పెట్టి గుంటలో దించి, అందరినీ మగ్గం ఎదుట మౌనంగా కూర్చోబెట్టాడు గుండేరావు. ఇంతలో టప్పున బోను తలుపు పడింది! లోపల ఎలుక!

"ఇదే దోషి!" అన్నాడు గుండేరావు. "కత్తెరతో తెంపితే కొనలు నున్నగా ఉండేవి. అయినా నేతగాని ఇంట కత్తెర మగ్గం కింద కాక ఎక్కడుంటుంది? ఎలుక రోజూ పడుతూనే ఉంది. తెల్లవారుజామున దానిపై అక్షతలు చల్లి, మ్రొక్కి వదిలినవారు... అమ్మా హులిగమ్మా, మీరు కదూ?"

ముసలమ్మ చేతులు జోడించింది. "ఇనాయకుని వాహనమప్పా! సంపనిస్తానా? పెరట్లో ఇడిసిపెడతాంటి. దండం పెట్టించుకున్న ఎలుక మన పడుగే కొరుకుతాదని ఎట్ల అనుకుందును?"

తిక్కయ్య తల వంచి, బండిలోని పెట్టెను తానే దించాడు. "తప్పు నాదే బసమ్మా."

"పెట్టె సరే బావా, ముందు ఈ దిక్కు రా. పోగులు అతకాల," అంటూ బసమ్మ మగ్గం దగ్గర కూర్చుంది.

"కట్టిన బండి దండగేనా అయ్యా?" అన్నాడు దుర్గప్ప.

దండగ కాలేదు. ఆ మధ్యాహ్నమే అది ఊరు దాటింది. అందులో హులిగమ్మ, ఆమె ఒడిలో బోను.

"నందవరం దావ ఇదే సామీ," అంటూ ఆమె ఎలుకపై అక్షతలు చల్లింది. "కోడలికి బదులు నువ్వు పో. మల్లీ రావద్దు."