నూట పద్నాలుగో పేజీ

మధ్యాహ్నం రెండు దాటింది. టీ తాగాలా, కాసేపు కునుకు తీయాలా అని డిటెక్టివ్ తేల్చుకోలేకపోతున్న వేళ ఆమె వచ్చింది. డెబ్భైకి దగ్గరపడ్డ రిటైర్డ్ నర్సు. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం తీరకముందే సంచిలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"శనివారం ఇది అచ్చుకు పోతుంది బాబూ. నూట పద్నాలుగో పేజీ చూడండి."

స్నేహితులు భూతద్దం అని పిలిచే ఆ డిటెక్టివ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. సహాయకురాలు అతని భుజం మీదుగా చదివింది.

"ఆ రోజు డ్యూటీ నర్సు నాతో చెప్పకుండా ఇంటికి వెల్లిపోయింది. పాప ప్రానం పోవడానికి ఆమె నిర్లక్ష్యమే కారనం."

"ఆ డ్యూటీ నర్సుని నేనే" అంది ఆమె. "నలభై ఏళ్ళ కిందటి మాట, మా వార్డులో ఓ పాప పోయిన రోజు. మా పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే అక్కే నన్ను ఇంటికి పంపింది. అక్కంటే మా హెడ్ నర్సు. పోయినేడాది కాలం చేసింది. ఇది ఆమె డైరీ. వాళ్ళమ్మాయి పుస్తకం వేస్తూ, ఏమన్నా తేడాలుంటే చెప్పమని పాతవాళ్ళందరికీ కాపీలు పంచింది. మా కోడలు ఇప్పుడు అదే ఆస్పత్రిలో నర్సు. దాని ముఖం చూడలేకపోతున్నాను."

"నేనేం చెయ్యాలమ్మా?"

"అక్క నా మీద ఇలా రాసిందా లేదా, అదొక్కటి తేల్చండి. రాసిందంటే నోరు మూసుకుని పడుంటాను."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ హెడ్ నర్సు కూతురి దగ్గరికి వెళ్ళారు. ఆమెది కుట్టుపని దుకాణం. మెడలో టేపు, కళ్ళ కింద నలుపు. తల్లి డైరీ అంతా వార్డులోని టైపు మిషన్ మీద, పల్చటి కాగితాలకు రెండు వైపులా కొట్టిందని చెప్పింది. చెదలు పట్టడంతో కూతురే ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి, కాగితాలు పారేసింది. ఆ ఫోటోల్లోని అక్షరాలను కంప్యూటర్లో దిద్దుకునే రాతగా మార్చే పని స్కానింగ్ షాపుకి అప్పజెప్పింది.

"నూట పద్నాలుగో ఫోటో చూపిస్తారా?"

"వెతికి అన్నీ పంపిస్తానండి" అంది, కత్తెర మీంచి చూపు ఎత్తకుండా.

సాయంత్రానికి పెన్‌డ్రైవ్ వచ్చింది. చుట్టూ ఒక చీటీ: "114 ఫోటో పాడయింది. కారనం నాకు తెలీదు. షాపుకి వెల్లి అడగండి." సహాయకురాలు దాన్ని నోటుపుస్తకంలో అంటించింది.

స్కానింగ్ షాపు యజమాని కుర్చీలో జారగిలబడే జవాబు చెప్పాడు. "మిషన్‌కి చదువు రాదు సార్. ఆకారం చూసి ఇది ఫలానా అక్షరం అనుకుంటుంది, అంతే. రెండొందల పన్నెండు ఫోటోలు పెట్టాం, అన్ని పేజీలూ వచ్చాయి. తప్పులు దిద్దుకోవడం వాళ్ళ పని. నెల తిరగ్గానే మా దగ్గరున్న ఫోటోలూ ఆ రాతా తుడిచేస్తాం."

తప్పులు ఎవరూ దిద్దలేదు. కాపీలో ఏ పేజీ తెరిచినా "వావకి వుందు ఇచ్చాను" లాంటి వాక్యాలే. పాపకి మందు ఇచ్చానని దాని అర్థం.

మిగిలింది ఆ ఆస్పత్రి అప్పటి పెద్ద డాక్టరు. పుస్తకానికి ముందుమాట రాసింది ఆయనే. ఫైలు ఆయనింట్లో వారం రోజులుంది. చేత్తో రాసిన నాలుగు పేజీల ముందుమాట టైపుకని షాపులోనే ఉంది, అందులో ఒక్క అక్షరదోషం లేదు.

"ఆ రోజు డ్యూటీ డాక్టరు మీరేనా?"

"నేనే. ఇప్పుడవన్నీ తవ్వి ఎవర్ని బతికిస్తారు?" అని ఆయన తలుపు వేసుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది" అంది సహాయకురాలు మెట్లు దిగుతూ. "ఈయనే సార్. నింద నర్సు మీదికి పోతే ఈయన గట్టున పడతాడు."

డిటెక్టివ్ మోకాలు పట్టుకుని ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. "రేపు అందర్నీ షాపుకి రమ్మను. నాకు ఇంకో మేడ ఎక్కే ఓపిక లేదు."

మర్నాడు మధ్యాహ్నం స్కానింగ్ షాపులో నలుగురూ కూర్చున్నారు. నర్సు తలుపు దగ్గర, కూతురు ఎదురుగా, డాక్టరు ఫ్యాను కింద, యజమాని తన కంప్యూటర్ ముందు.

"మిషన్ చేసేవి కంటి తప్పులు" అని మొదలుపెట్టాడు డిటెక్టివ్. "ప ని వ అనుకుంటుంది, మ ని వు అనుకుంటుంది. అవి చూడ్డానికి ఒకలా ఉంటాయి. ళ కి బదులు ల, ణ కి బదులు న రాయడం చెవి తప్పు. వినడానికి దగ్గరగా ఉంటాయిగాని చూడ్డానికి పోలికే లేదు. మిషన్‌కి చెవుల్లేవు. మిగతా అన్ని పేజీల్లో ఉన్నవి కంటి తప్పులే. నూట పద్నాలుగులో మాత్రం పాప సరిగ్గా ఉంది, ప్రాణం తప్పింది. ఆ పేజీ ఫోటోలోంచి రాలేదు. ఎవరో కూర్చుని టైపు చేశారు."

"హెడ్ నర్సే తప్పుగా కొట్టుండొచ్చుగా?" అన్నాడు యజమాని.

"మిగతా పేజీల్లో ఆమె ఒక్క ణ కూడా తప్పలేదు. డాక్టరుగారి చేతిరాతలోనూ దోషం లేదు. షాపువాళ్ళకి ఆ పాప ఎవరో కూడా తెలీదు."

సహాయకురాలు నోటుపుస్తకం తెరిచి, చీటీ ఉన్న పేజీని కూతురి ముందు పెట్టింది. కూతురు దాన్ని చదివింది. మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఎందుకు మార్చారో కూడా చూద్దాం" అన్నాడు డిటెక్టివ్. "నూట పదమూడు, నూట పద్నాలుగు ఒకే కాగితానికి రెండు వైపులు. కాగితం పల్చన. నూట పదమూడో ఫోటోలో వెనకవైపు అక్షరాలు నీడలా కనిపిస్తున్నాయి. దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి, నీడని నల్లగా చేసి, మిషన్‌కి పెట్టండి."

యజమాని రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి తెర మీద ముక్కలు ముక్కలుగా రాత తేలింది.

"చెల్లిని నేనే ఇంటికి వంవాను. దాని బిడ్డకు జ్వరం. మూడు రోజులుగా నాకు బదులు ఎవర్నీ వేయలేదు. కూర్చున్నచోటే కన్నంటుకుంది. లేచేసరికి వావ ఊపిరి ఆగింది. తవ్పు నాది."

నర్సు లేచి తెర దగ్గరికి వచ్చింది. అక్షరాల కింద వేలు నడుపుతూ మళ్ళీ చదివింది. "చెల్లి అని రాసింది" అంది నెమ్మదిగా.

"అమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చి దేవత అన్నారు" అంది కూతురు. "పది రోజులకి ఆ పేజీ చదివాను. అప్పట్నుంచి తిండి సయించలేదు, నిద్ర లేదు. తీసేస్తే పోయేది. కానీ ఆ పాప సంగతి అందరికీ తెలుసు. ఎవరో ఒకరి తప్పు అనాలిగా."

"ఆ ఎవరో నేనా?" అంది నర్సు.



డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మూడు రోజులు వరసగా హెడ్ నర్సుకే డ్యూటీ వేసింది నేను. మనుషుల్లేరని వేశాను. నా ముందుమాట వెనక్కి ఇవ్వండి. అందులో ఆ మాట లేదు."

యజమాని ముందుమాట కాగితాలు వెతికి డాక్టరు చేతికిచ్చాడు.

"పిన్నీ, ఈ పేజీ వెయ్యక తప్పదా?" అంది కూతురు.

"మీ అమ్మ దాచుకోవాలనుకుంటే టైపు కొట్టేదే కాదు."

"నా మీద మీకు కోపంగా లేదా?"

"ఉంది. ఎప్పుడు తగ్గుతుందో నాకూ తెలీదు" అంది నర్సు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. "శనివారం ఎల్లుండే. ముందు ఆ పేజీ సరిగ్గా కొట్టు. నేను చదివి చెబుతాను."