వెయ్యి వాట్ల మొండితనం

"చిన్నదే చాలు. అదే ఇవ్వండి," అంది మాలతి.

"చాలదండీ బాబూ! వెయ్యి వాట్లది తీసుకోండి," అన్నాడు ధనుంజయ్.

రాయ్‌పూర్‌లో ఉర్లా రోడ్డు మీద అతని చిన్న కంప్యూటర్ షాపు. బయట వాన దంచేస్తోంది. కంప్యూటర్‌లో భాగాలన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బాలు రెండు కౌంటర్ మీదున్నాయి. మిగతావన్నీ కొనేసింది మాలతి. గొడవంతా ఈ డబ్బా దగ్గరే.

అసలు వీళ్ళిద్దరికీ పరిచయమే గొడవతో. మొన్న వేసవిలో పాత సిస్టమ్ రిపేరుకు తెచ్చి, హిందీలో గీచిగీచి బేరమాడి, ఆఖర్న "దొంగ మొహం!" అని తెలుగులో గొణిగింది. రాయ్‌పూర్‌లో షాపువాడికి తెలుగెక్కడొస్తుందనుకుంది పాపం.

"మొకం మా అమ్మిచ్చిందండీ, దొంగతనం మాత్తరం నేర్పలేదు," అన్నాడు ధనుంజయ్, అచ్చమైన శ్రీకాకుళం యాసలో.

ఆ పిల్ల నాలిక్కరుచుకుని పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకి మనవాడు పడిపోయాడు. తర్వాత మౌస్ పనిచేయడం లేదని ఒకసారి వచ్చింది, పనిచేస్తోందని చెప్పడానికి ఇంకోసారి వచ్చింది. అయినా అసలు మాట ఇద్దరిలో ఒక్కరూ బయటపెట్టలేదు.

ఇప్పుడిక బయటపెట్టి లాభం లేదు. కట్టబోయే ఇళ్ళని కంప్యూటర్‌లో ముందే కట్టి చూపించే హైదరాబాద్ స్టూడియో ఒకటి ఆమెకి టెస్ట్ పెట్టింది. ఒక భవంతి వీడియో చేసి సోమవారానికి పంపాలి. సెలక్టయితే సొంత సిస్టమ్ పట్టుకుని అక్కడికెళ్ళి చేరాలి. రైల్వేలో రిటైరైన వాళ్ళ నాన్న రామయ్యగారికి అదే కల. బతుకంతా హిందీ బోర్డుల మధ్య గడిపిన మనిషి, కూతురైనా తెలుగు బోర్డులున్న ఊళ్ళో బతకాలని ఆయన ఆశ.

చిన్న డబ్బా పెడితే? గ్రాఫిక్స్ కార్డు జోరందుకోగానే సిస్టమ్ టప్పున ఆగిపోతుంది. టెస్ట్ పోతుంది. మాలతి ఇక్కడే ఉండిపోతుంది. ఈ ఆలోచన బుర్రలో దూరినప్పటి నుంచీ ధనుంజయ్‌కి తనంటే తనకే అసహ్యం పుట్టింది. అందుకే పెద్ద డబ్బాని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఫ్యాక్టరీల పుణ్యమా అని ఇక్కడ వోల్టేజీ ఎలాగూ ఊగుతాది. బీచ్‌మే, పని మధ్యలో బంద్ అయిపోతే మీ టెస్ట్ గోవిందా!"

"అవనీండి. మీకేం పోయింది?"

"షాపు పేరు పోద్ది కదండీ."

మాలతి మొహం చిన్నబోయింది. "అంటే నేను పాసై వెళ్ళిపోవాలి. అంతేగా మీకు?"

అతను పెద్ద డబ్బాని ఆమె ముందుకి జరిపాడు. "మీ మంచికే..."

"బస్, ఇక చాలు. పెద్దదే పెట్టండి." గొడుగు కౌంటర్ మీదే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది.

సిస్టమ్ బిగిస్తుంటే తన గొయ్యి తనే తవ్వుకున్నట్టుంది ధనుంజయ్‌కి. దాన్ని వాళ్ళింట్లో పెట్టొచ్చిన దగ్గర్నుంచీ ఫోన్ వంకే చూశాడు. ఆగిపోయిందని ఒక్క కాల్ వస్తే బాగుణ్ననుకున్నాడు, వెంటనే ఛీ అనుకున్నాడు. ఆ కాల్ రానే లేదు. అన్నం సహించలేదు, నిద్ర లేదు. అమ్మ సూరమ్మ ఏమైందిరా అంటే తలనొప్పన్నాడు.

ఆఖరికి రామయ్యగారు పేడాల డబ్బాతో వచ్చారు. "నీ మిషన్ కమాల్ చేసింది బాబూ! మా అమ్మాయి సెలక్టయింది!" ధనుంజయ్ పేడా నోట్లో పెట్టుకున్నాడు గానీ, దాని తీపి తెలిస్తే ఒట్టు. ఇంతమంది ఉన్న ఊళ్ళో తనిక ఒంటరివాడే అనిపించింది.

ప్రయాణానికి ముందురోజు మాలతి తడుస్తూ షాపుకొచ్చింది.

"గొడుగు కోసమా?" అన్నాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదు నీ మిషన్!" కళ్ళనిండా నీళ్ళు. "చిన్నది చాలదని నాకు తెలీదనుకున్నావా? దాని ముందే కూచుని, ఆగిపోవే తల్లీ అని మొక్కుకున్నాను. వెళ్ళనని నాన్నతో చెప్పే ధైర్యం లేదు నాకు. అదైనా ఆగిపోతుందనుకుంటే, నువ్వేమో..."

"నేనూ అదే కోరుకున్నాను మాలతీ," అన్నాడు ధనుంజయ్ తల దించుకుని. "కోరుకున్నానన్న సిగ్గుతోనే పెద్దది పెట్టాను."

ఇద్దరికీ ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత తెలిశాక కూడా రేపు రైలు రేపే.

సరిగ్గా అప్పుడే రామయ్యగారు గొడుగు ముడుస్తూ లోపలికొచ్చారు. "ప్యాకింగ్‌కి అట్టపెట్టె ఉందా బాబూ?" అని, కూతురి కళ్ళు చూసి ఆగిపోయారు.

ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ధనుంజయ్ ఇంకెప్పుడూ విప్పలేడు.

"అంకుల్‌జీ, అంత ఖరీదైనదాన్ని రైల్లో ఒంటరిగా పంపకూడదండి. నేను కూడా వెళ్తాను."

"దేన్నిరా? సిస్టమ్‌నా, మా అమ్మాయినా?"

"ఇద్దర్నీనండీ. మీరు ఒప్పుకుంటే అక్కడే ఉండిపోతాను."

పెద్దాయన ఒకసారి కూతురినీ, ఒకసారి అతన్నీ చూశారు. మాలతి నాన్న వంకే చూస్తోంది.

"హైదరాబాద్‌లో షాపు పెడితే, బోర్డు తెలుగులో రాయిస్తావా?" అన్నారాయన చివరికి.

"పెద్ద పెద్ద అక్షరాల్లో రాయిస్తానండీ."

"అయితే సాయంత్రం మీ అమ్మని మా ఇంటికి తీసుకురా," అన్నారు రామయ్యగారు.