ఎర్రమన్ను అంటిన కట్టు

“ఇది కాలా, మొద్దా? ఇన్ని ఆకులు ఎవరప్పా రుద్దమన్నారు?”

ఖాజా హుస్సేన్‌తో మాబీ మాట్లాడిన మొదటి మాట ఇదే. ఆయప్ప పోయిండేది పుండు చూపిచ్చుకునేదానికి. చూసిండేది మాత్రం ఆ పిల్ల కండ్లను.

అవి వానల్లేని ఏండ్లు. ఊరూరా బావులు లోతు చేస్తాండ్రి. ఖాజా బావులు తవ్వే మనిషి. రాయి జారి చీలమండ మింద పడింది. ఆరు నెల్లైనా పుండు మానలే. పట్నంలో డాక్టరు, “ఇట్లే ఉంటే కాలు తీసేయల్ల” అనేసినాడు. కాలు లేకుంటే బావిలోకి దిగేదెట్ల, బతికేదెట్ల?

శింగనమలలో నబీ రసూల్ అని ఉండె. యుద్ధంలో మిలిట్రీ ఆస్పత్రిలో డ్రెస్సింగు పని చేసొచ్చినోడు. మానని కాలి పుండ్లకు ఆ చుట్టుపక్కల ఆయనదే పేరు. ఆయనకు చూపు తగ్గినాక కూతురు మాబీ ఆ పని పట్టింది. కాంచిన ఉప్పునీల్లతో కడిగి, వేళ్ల కాడి నుంచి మోకాలి దంకా బిగిచ్చి గుడ్డ చుట్టేది. పుండును దారంతో కొలిచి, ఆడికి ముడేసి దాచేది.

“వారానికొకసారి వస్తే సాలు. సంతనాడు బస్సుంటాది, దాంట్లో రా. నడవొద్దు.”

ఇప్పటి మాదిరి ఆటోలు యాడివి ఆ కాలంలో! అయినా ఖాజా దినం మార్చి దినం వస్తానే ఉండె. ఒకనాడు కట్టు వదులైందంటాడు, ఇంకోనాడు దురదంటాడు.

“దురద కాలికా, ఇంకెక్కడన్నానా?” అని మాబీ ఎక్కిరిచ్చేది.

నెల దాటింది. మాబీ దారం పెట్టి కొలిచింది. పుండు గోరంత కూడా తగ్గలే. మొగం వాడిపోయి, ఇప్పిన కట్టును తిప్పి చూసింది. అడుగంతా ఎర్రమన్ను.

“సంత బేస్తవారం. ఈ పొద్దు సోమారం. ఏ బస్సులో వచ్చినావు?”

ఖాజా మన్నంటిన పాదాన్ని ఎనక్కి లాక్కోబోయినాడు.

“నాలుగు మైళ్లు నడిచొస్తాండావా?”

“నిన్ను చూడకుండా వారం దినాలు ఎట్లుండేది మాబీ?”

ఆ పిల్ల చేతిలో గుడ్డ జారిపోయింది. కండ్లలో నీల్లు తిరిగినాయి.

“నన్ను చూసేదానికి కాలు పోగొట్టుకుంటావా? ఇంక రావద్దు. కాలు గుండెకన్నా ఎత్తున పెట్టుకుని ఇంట్లో పండుకో. వచ్చినావంటే నేను కట్టను, పో!”

ఖాజా ఇంట్లో పడినాడు. పిల్లకు నేనంటే ఇష్టం లేదు అనుకున్నాడు. కూడు సయించలే.

పదకొండో దినం ఇంటి ముందర ఎద్దులబండి ఆగింది. నబీ రసూల్ ఒక్కడే దిగినాడు. తడుముకుంటా కట్టు కట్టినాడు. కట్టింది కట్టినట్లే జారిపోయె.

ఖాజా తల్లి మస్తానాబీకి ఓపిక సచ్చింది. “ఏమన్నా, నీ కూతుర్ని పంపకూడదా?”

“పెండ్లి కాని పిల్లను మీ ఇంటికెట్ల పంపేదమ్మా? అదేమో కూడు ముట్టలే. ‘ఆయప్ప కాలు ఎవరు చూస్తారు నాయనా’ అని పొద్దస్తమానం నా ప్రాణం తీస్తాండాది.”

పండుకున్న ఖాజా చటుక్కున తలెత్తినాడు.

“అయితే పెండ్లి చేసే పంపు!” అనింది మస్తానాబీ.

ఆ శుక్రవారమే నిఖా. పెండ్లికొడుకు కాలు రెండు శనక్కాయల మూటల మింద, ఖాజీ సాబ్ తలపాగాకు సమానంగా ఉండె. మాబీ ముందే ‘ఖబూల్’, ఒప్పుకున్నా, అని చెప్పేసింది.

“ఖబూల్!” అని ఖాజా కూడా అరిచి, సంబరంలో లేచి నిలబడబోయినాడు.

ఆ పొద్దు పెండ్లికూతురు గొంతు బయటికి ఇనపడకూడదు. అయినా పరదా ఎనకనుంచి వచ్చిన కేక పందిరంతా ఇనపడింది:

“ఏమప్పా, కాలు నేలమింద పెట్టినావంటే నా ఖబూల్ ఎనక్కి తీసుకుంటా!”